బోన్సాయ్ ఆకులు వాలిపోయాయా? మగ్గు పక్కన పెట్టి ముందు మట్టి చూడండి

"అన్నా, ఆకులన్నీ తోటకూర కాడల్లా వేలాడుతున్నాయి, ఏం మందు కొట్టమంటావ్?" బోన్సాయ్ పెంచేవాళ్ళు నాకు పంపే ప్రశ్న ఇదీ, కింద ఒక ఫొటో. ఎండలు ముదిరే ఏప్రిల్‌లోనూ, ముసురు పట్టే ఆగస్టులోనూ ఇవి మరీ ఎక్కువ. ఆ ఫొటోల్లో ఎప్పుడూ ఆకులే ఉంటాయి, మట్టి ఒక్కదాంట్లోనూ కనపడదు. జవాబేమో మట్టిలోనే ఉంటుంది. అందరికీ విడివిడిగా రాయలేక ఒకేసారి ఇక్కడ రాస్తున్నాను, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పేసి వదిలేస్తాను. ఆకు వాలిందంటే దానికి నీళ్ళు అందట్లేదని అర్థం. కుండీలో నీళ్ళు లేక అందకపోవచ్చు, లేదా కుండీ నిండా నీళ్ళుండి, వేళ్ళకు గాలి ఆడక కుళ్ళిపోయి, ఉన్న నీళ్ళు తాగే శక్తి లేక అందకపోవచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం పూర్తిగా ఉల్టా.

ఆ రెంటికీ తేడా తెలీకే నా తొమ్మిదేళ్ళ జువ్వి (మర్రి జాతి చెట్టు) పోయింది. పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి ఆకులు వాలి ఉన్నాయి. పక్కింటి అబ్బాయికి నీళ్ళు పొయ్యమని చెప్పి వెళ్ళాను, మర్చిపోయుంటాడులే అనుకుని మూడు రోజులు పొద్దునా సాయంత్రం కడుపునిండా పోశాను. నాలుగో రోజు ఆకులు రాలడం మొదలైంది. పీకి చూస్తే మురిక్కాలవ వాసన. వేళ్ళు పెరిగి అడుగు రంధ్రాన్ని బిరడాలాగా మూసేశాయి. ఆ అబ్బాయి పాపం రోజుకు రెండుసార్లు పోశాడట, దానిమీద నేను ఇంకా పోశాను.

కావలసినవి

వెదురు పుల్ల (ఐస్‌క్రీమ్ పుల్లైనా సరే, రంగు వేసింది వద్దు), ఒక తెల్ల కాగితం, కుండీ అంచుదాకా మునిగే టబ్బు, పదునైన కత్తెర, దాన్ని తుడవడానికి స్పిరిట్ లేదా శానిటైజర్. వంటింట్లో కాటా ఉంటే ఇంకా మంచిది. మందు సీసా ఈ లిస్టులో లేదు, మర్చిపోయి కాదు.

1. అసలు జబ్బో కాదో తేల్చుకోండి

చూడాల్సిన టైము పొద్దున ఆరు, ఏడు మధ్య. మధ్యాహ్నం ఒంటిగంటకు మిద్దె మీద మనమే వాలిపోతాం, చెట్టు వాలడంలో వింతేముంది? ఎండకు వాలి, సాయంత్రానికో తెల్లారేసరికో లేచి నిలబడితే వేళ్ళు బాగానే ఉన్నట్టు, కాస్త నీడకు మార్చండి చాలు. తెల్లారాక కూడా వాలే ఉంటేనే కింది మెట్లకు దిగండి.

కొన్నిటికి ఇది సహజం. చింత ఆకులు చీకటి పడగానే ముడుచుకుంటాయి, నిద్రగన్నేరుకైతే పేరులోనే ఉంది. రాత్రి పది గంటలకు టార్చ్ వేసి చూసి కంగారు పడకండి. రావికి కొత్తగా వచ్చే రాగిరంగు లేత ఆకులు ముదిరేదాకా కిందికే వేలాడతాయి. అడీనియం (ఎడారి గులాబీ) డిసెంబర్, జనవరి చలికి ఆకులు పసుపు చేసి రాల్చేస్తుంది, దుంప (ఉబ్బిన కాండం మొదలు) గట్టిగా ఉంటే అది నిద్ర, చావు కాదు. ఆ నిద్రలో నీళ్ళు పోసి లేపబోయి దుంప కుళ్ళబెట్టుకున్నవాళ్ళు చాలామంది.

2. చెట్టంతా వాలిందా, ఒక్క కొమ్మేనా?

ఒక్క కొమ్మే వాలి మిగతాదంతా నిగనిగలాడుతుంటే ముందు ఆ కొమ్మ మీదే అనుమానపడండి. వంచడానికి చుట్టిన తీగ బెరడులోకి దిగిందేమో చూడండి. దిగితే విప్పబోవద్దు, విప్పితే బెరడు ఊడొస్తుంది, కటింగ్ ప్లయర్‌తో చుట్టు చుట్టుకీ ముక్కలుగా కత్తిరించి తియ్యండి. ఈమధ్య వంచిన కొమ్మైతే దాని మొదలు దగ్గర సన్నటి చీలిక ఉండొచ్చు. చీలిక చిన్నదైతే రెండు అంచులూ కలిపి టేపు చుట్టి వదిలేస్తే చాలాసార్లు అతుక్కుంటుంది. కొమ్మకు సన్న రంధ్రం, దాని దగ్గర రంపపు పొట్టులాంటి పొడి ఉంటే లోపల తొలిచే పురుగు ఉన్నట్టే, ఆ భాగం కింది నుంచి కోసెయ్యడమే మంచిది.

చివర్లలో లేత ఆకులు మాత్రమే వాలితే ఎండ దెబ్బ, ఎరువు ఎక్కువవడం, పేనుబంక, ఈ మూడిట్లో ఒకటి. చెట్టు మొత్తం వాలిందంటే మాత్రం పైన వెతకొద్దు, కింద వెతకాలి.

3. పుల్ల గుచ్చండి

ఈ వ్యాసంలో అసలు మెట్టు ఇదే, మిగతావి చదవకపోయినా ఇది చెయ్యండి.

పుల్లను కుండీ అడుగుదాకా మెల్లగా దింపండి. ఒకటి కుండీ అంచు దగ్గర, ఇంకోటి కాండానికి రెండు వేళ్ళ దూరంలో. పది నిమిషాలు వదిలేసి తీసి చూడండి. పుల్ల రంగు ముదిరి, చెంపకు ఆనిస్తే చల్లగా తగిలితే లోపల తడి ఉంది. తెల్లగా పొడిగా వస్తే లేదు. వేలితో పైమట్టి నొక్కి చూసే అలవాటు చాలామందికి ఉంది కానీ బోన్సాయ్ ట్రేలో పైన అంగుళం ఎండకు ఎండిపోయి కింద బురదగా ఉండటం మామూలే, దాన్ని నమ్మితే మోసపోతారు.

రెండు చోట్ల ఎందుకంటే, మన నర్సరీ మొక్కల సంగతి మీకు తెలిసిందే. నర్సరీలకు పేరున్న కడియం వైపు నుంచి వచ్చేవైనా ఇంకెక్కడివైనా చాలావాటికి వేళ్ళ చుట్టూ జిగటమట్టి ముద్ద ఉంటుంది. మనం దాన్ని అలాగే తెచ్చి చుట్టూ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఇసుక కలిపిన గుల్ల మట్టి పోసి ట్రేలో పెట్టేస్తాం. నీళ్ళు పోస్తే గుల్ల మట్టిలోంచి సర్రున కిందికి పోతాయి, నడిమధ్య ముద్ద ఎండి రాయైపోతుంది. అంచు పుల్ల తడి, లోపలి పుల్ల పొడి వచ్చిందంటే ఇదే గొడవ. అంచు పొడిగా ఉండి మధ్యలో తడి వస్తే ఆ ముద్ద నీళ్ళు పట్టుకుని కూర్చుంది, వేళ్ళు అక్కడే కుళ్ళుతున్నాయేమో చూడాలి. మధ్యలో పుల్ల అసలు దిగకపోతే? అదీ జవాబే. ముద్ద అలాగే ఉంది, లేదా వేళ్ళు కిక్కిరిసిపోయాయి.

4. పుల్ల పొడిగా వస్తే

మగ్గుతో పైనుంచి పోస్తే చాలదు. కోకోపీట్ కలిపిన మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే పైనుంచి పోసిన నీళ్ళను వెంటనే పీల్చుకోకపోవచ్చు, కుండీ గోడకూ మట్టికీ మధ్య సందులోంచి జారి కింది నుంచి వచ్చేస్తాయి, మీరేమో "బాగా తడిసింది, కింద కారుతోంది కదా" అనుకుంటారు. అందుకే టబ్బులో నీళ్ళు పోసి కుండీని అంచుదాకా ముంచండి. బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా ఉంచండి, పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. తీసి ఒక పక్కకు వంచి నీళ్ళు కారిపోనిచ్చి, రెండు మూడు రోజులు నీడలో పెట్టండి. నీడంటే ఇంట్లో చీకటి మూల కాదు, పట్టపగలు పేపర్ చదువుకోగలిగే వెలుతురు ఉండాలి.

జాగ్రత్త: మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నీళ్ళు, ఎండలో పడున్న పైపులో నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాలతాయి. వాలిన చెట్టు మీద జాలిపడి అవే పోసేస్తే వేళ్ళు ఉడుకుతాయి. ముందు మీ చేతిమీద పోసుకోండి.

ఎరువు ఇప్పుడు వద్దు. జీవామృతం, నూనెగింజల చెక్క నానబెట్టిన నీళ్ళు, ఉల్లితొక్కల నీళ్ళు, ఏవీ వద్దు. జ్వరంతో ఉన్నవాడికి బిర్యానీ పెట్టినట్టవుతుంది.

ఫలితం ఎలా చూడాలి: కాగితం పూల చెట్టు నాలుగైదు గంటల్లో లేస్తుంది, అది వాలడమూ త్వరే లేవడమూ త్వరే. జువ్వి, మర్రిలాంటివాటికి మర్నాడు పొద్దునదాకా ఆగండి. జేడ్ (దళసరి ఆకుల మొక్క) ఆకుల ముడతలు పోవడానికి రెండు నుంచి నాలుగు రోజులు. నలిపితే అప్పడంలా విరిగే ఆకు మళ్ళీ లేవదు, అది రాలిపోతుంది, దానికోసం ఏడవకండి. ఈ గడువు దాటినా కొంచెం కూడా తేడా లేకపోతే మళ్ళీ ముంచొద్దు, ఏడో మెట్టుకు వెళ్ళండి.

5. పుల్ల తడిగా వస్తే

నీళ్ళు ఆపండి. కుండీ కింద ప్లేటు ఉంటే తీసెయ్యండి. కుండీ ఎత్తి అడుగు చూడండి: రంధ్రం మూసుకుపోయిందా, రంధ్రం మీద వేసిన జాలీకి వేళ్ళు చుట్టుకున్నాయా? గట్టి పుల్లతో పొడిచి దారి చెయ్యండి. కుండీ ఒక వైపు చెక్క ముక్క పెట్టి కాస్త వాలుగా నిలబెడితే, పల్లంగా ఉన్న ట్రేలో నిలిచిన నీళ్ళు చాలావరకు కారిపోతాయి. ఇంత చిన్న చిట్కా పనిచేస్తుందా అని నేనూ అనుకున్నాను, ముసురు రోజుల్లో నా ట్రేలన్నీ ఇప్పుడు ఏటవాలుగానే ఉంటాయి.

తర్వాత రంధ్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి, సిగ్గుపడక్కర్లేదు. వాన పడ్డ మట్టి వాసనైతే పర్వాలేదు, మూడు నాలుగు రోజులు గాలి తగిలేచోట పెట్టి ఆరనివ్వండి. కుళ్ళిన గుడ్డులా, మురుగులా ఉంటే ఆగొద్దు, ఎండాకాలమా వానాకాలమా అని ఆలోచించకుండా బయటికి తియ్యాల్సిందే.

తీశాక వేళ్ళను నీళ్ళతో కడిగి చూడండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటుంది. ముదురు వేళ్ళు కొన్ని చెట్లకు ఎర్రగా, నల్లగా కూడా ఉంటాయి, రంగు చూసి కోసెయ్యకండి. వేరును మీ రెండు చేతివేళ్ళ మధ్య పట్టి లాగండి: కుళ్ళిన వేరుకు పైతోలు జారిపోయి లోపల దారం మాత్రం మిగులుతుంది. మెత్తగా ఉన్నదంతా గట్టి భాగం కనపడేదాకా కొయ్యండి, ప్రతి కోతకూ కత్తెర స్పిరిట్‌తో తుడవండి. సగానికి పైగా వేళ్ళు పోతే పైన ఆకులు కూడా తగ్గించాలి, మిగిలిన కాసిని వేళ్ళు అంత మందికి నీళ్ళు మొయ్యలేవు. జునిపర్‌లాంటి సూదాకు చెట్లకు మాత్రం ఆకు దుయ్యకండి.

మళ్ళీ నాటడానికి అదే మట్టి వాడొద్దు. 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు రెండు పాళ్ళు, దొడ్డు ఇసుక ఒక పాలు, బాగా మాగిన వర్మీకంపోస్ట్ ఒక పాలు. ఇటుక పొడిని జల్లెడ పట్టి పారెయ్యాలి, లేకపోతే అది అడుగున చేరి సిమెంటులా పట్టేస్తుంది. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు. చాలామంది అకడామా (బోన్సాయ్‌కి వాడే జపాన్ మట్టి గుళికలు) దొరకట్లేదని ఆగిపోతుంటారు, ఇటుకతో ఇరవై ఏళ్ళ చెట్లు బతుకుతున్నాయి, మీరు కానివ్వండి. చెట్టును రంధ్రాల్లోంచి తీగతో ట్రేకి కట్టండి, గాలికి ఊగితే కొత్తగా వచ్చే వేరు వచ్చినట్టే తెగిపోతుంది.

కావాలంటే ఒక్కసారి కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగుళ్ళ మందు) లీటరు నీళ్ళకు 3 గ్రాములు కలిపి మట్టి తడిచేలా పోయొచ్చు. చేతికి గ్లౌజులు, పిల్లలకు దూరంగా. కానీ కుళ్ళిన వేరు కొయ్యకుండా, రంధ్రం తెరవకుండా మందు మాత్రమే పోస్తే డబ్బు, చెట్టు రెండూ పోతాయి.

6. మట్టి బాగానే ఉంది, అయినా వాలింది

ఇప్పుడు ఆకు తిప్పి చూడండి. తెల్ల కాగితం కొమ్మ కింద పట్టి రెండుసార్లు తట్టండి. మిరియాల పొడిలాంటి చుక్కలు పడి, అవి నడిస్తే నల్లి (మొక్కల రసం పీల్చే సన్నటి పురుగు, మంచంలో నల్లి కాదు). వేలితో రుద్దితే ఎర్ర గీత పడుతుంది. ఆకు కింద సన్న గూడు కూడా కనిపిస్తుంది. కొమ్మ సందుల్లో దూదిలాంటిది ఉంటే పిండినల్లి, కాండం మీద కదలని గోధుమ రంగు బొడిపెలు గోరుకు ఊడొస్తే పొలుసు పురుగు. కుండీ చుట్టూ చీమలు బారులు తీరితే పైన ఇలాంటిదేదో ఉందని అవే చెబుతున్నాయి. మట్టిలో వేళ్ళకు తెల్ల పిండి పట్టే రకం కూడా ఉంది, అది పైకి కనపడదు, కుండీ అంచు దగ్గర మట్టి కాస్త తవ్వి చూడాలి.

వీటికి ముందు గట్టిగా నీళ్ళు చిమ్మి కడగండి, ఆకు అడుగు వైపు. తర్వాత లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కొద్ది చుక్కల సబ్బు ద్రవం, ఎండ దిగాక సాయంత్రం కొట్టాలి. వారానికోసారి మూడు వారాలు. ఒక్కసారి కొట్టి పనిచెయ్యలేదనకండి, గుడ్లు మిగిలే ఉంటాయి. దాహంతో వాలిన చెట్టు మీద నూనె కొట్టొద్దు, ముందు నీళ్ళు తాగించి అది కోలుకున్నాకే.

పురుగు లేదు, ఆకు అంచులు మాడినట్టున్నాయి, కుండీ అంచున, మట్టి పైన చౌడు పట్టినట్టు తెల్లగా ఉందంటే ఉప్పు పేరుకుంది. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఇది తప్పదు, దానిపైన చిటికెడు డీఏపీ ఎరువు వేసుంటే చెప్పక్కర్లేదు. పైన తెల్లపొర గీకి తీసేసి, దొరికితే పట్టిన వాన నీళ్ళతో, లేకపోతే ఉన్నంతలో మంచి నీళ్ళతో కుండీకి మూడు నాలుగింతలు నెమ్మదిగా పోసి కారనివ్వండి. ఇది మట్టి నుంచి నీళ్ళు గబగబా దిగుతుంటేనే చెయ్యాలి, దిగకపోతే అయిదో మెట్టు అయ్యాకే.

పురుగూ ఉప్పూ ఏదీ కాదంటే మీరు ఈమధ్య ఏం మార్చారో గుర్తు చేసుకోండి. కొత్తగా కొన్నారా, బాల్కనీ నుంచి హాల్లో ఏసీ కింద పెట్టారా, కుండీ మార్చారా? జువ్వి జాతి చెట్లు చోటు మారితే అలిగి ఆకులు రాల్చేస్తాయి. ఆన్‌లైన్‌లో డబ్బాలో వచ్చిన లావు వేళ్ళ ఫైకస్‌లు (ఇవీ జువ్వి జాతివే) మొదటి మూడు వారాలు చేసేది ఇదే. దాన్ని రోజుకో చోటికి తిప్పడం మానండి, వెలుతురున్న ఒకే చోట వదిలెయ్యండి. మే నెలలో కుండీ మార్చి వాలిపోయిందంటే తప్పు చెట్టుది కాదు, మార్చడానికి తొలకరి దాకా ఆగాల్సింది. ఇప్పుడు నీడ, పొద్దునా సాయంత్రం ఆకుల మీద నీళ్ళ తుంపర, నెలన్నర దాకా ఎరువు బంద్.

7. బతికుందా, పోయిందా?

కొమ్మ చివర గోటితో గీకండి. బెరడు కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే కిందికి వస్తూ రెండు మూడు అంగుళాలకోసారి గీకండి, ఎక్కడ పచ్చ దొరికితే అక్కడికి పైభాగం పోయినట్టు. కాండం మొదట్లో కూడా పచ్చ లేకపోతే ఇక లేదు. రోజూ గీకకండి బాబూ, ఒకాయన ఆత్రంతో చెట్టంతా గీకి పెట్టాడు, బతికున్నది కాస్తా ఎండిపోయింది.

అడీనియం, జేడ్ అయితే గీకక్కర్లేదు, నొక్కి చూడండి. అడీనియం దుంప మెత్తగా ఉన్నా పుల్ల పొడిగా వచ్చిందంటే దాహం. తడి మట్టిలో మెత్తబడి, నొక్కితే చెమ్మ వచ్చిందంటే కుళ్ళు. జేడ్ ఆకు పలచబడి ముడత పడితే నీళ్ళు తక్కువ, పసుపై పిప్పిలా ఊడిపోతే ఎక్కువ. జునిపర్ మాత్రం నమ్మకద్రోహి: అది పచ్చగా కనిపిస్తూనే చచ్చిపోయి ఉంటుంది, కొన్ని వారాలకు గానీ ఎర్రబడదు. కాబట్టి ఎర్రబడ్డాక పెట్టే ఫొటోకు నేను చెప్పగలిగేది దాదాపు ఏమీ ఉండదు. మన మైదానాల ఎండకు జునిపర్ కొనకండని ఇంతకుముందూ చెప్పాను, అయినా కొంటారు.

8. ఆగండి, కానీ లెక్కతో ఆగండి

వైద్యం చేశాక రోజుకో మార్పు చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలీదు. ఒక్క పని చేసి, తేదీ రాసి, అదే చోటి నుంచి అదే టైముకు రోజూ ఫొటో తియ్యండి. వాలిన ఆకులు లేచాయా అన్నది కాదు చూడాల్సింది, కొత్తగా వాలడం ఆగిందా అని. తర్వాత మొగ్గలు. ఎండాకాలం, వానాకాలంలో జువ్వి రెండు నుంచి నాలుగు వారాల్లో చిగురు ముక్కు బయటపెడుతుంది. పసుపైన ఆకు మళ్ళీ పచ్చబడదు, దానికోసం ఎప్సమ్ సాల్ట్ వగైరా వెయ్యక్కర్లేదు.

వేళ్ళు కోసిన చెట్టుకు పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు తొడిగి, రెండు చిల్లులు పెడితే ఆకుల తడి ఆరదు. నీడలోనే సుమా. ఎండ తగిలే చోట కవరు తొడిగితే సాయంత్రానికి కూర వండినట్టవుతుంది.

కాటా ఇప్పుడు తియ్యండి. నిండా తడిపి, కారడం ఆగాక తూచండి. పుల్ల పొడిగా వచ్చిన రోజు మళ్ళీ తూచండి. నా చిన్న మర్రి ట్రే తడిస్తే రెండు కిలోల నూటయాభై గ్రాములు, నీళ్ళు అడిగే వేళకు కిలోన్నర పైచిలుకు. వారం రోజులు తూస్తే ఆ తర్వాత చేత్తో ఎత్తగానే తెలిసిపోతుంది. "రోజూ ఒక గ్లాసు", "వారానికి రెండుసార్లు" లాంటి లెక్కలు అడగొద్దు, మేలో రెండు పూటలా తాగే చెట్టే ముసురులో నాలుగు రోజులకోసారి తాగుతుంది.

ఇంకో మాట. గీకితే కొమ్మల్లో పచ్చ ఉండి, వేళ్ళు మాత్రం దాదాపు పోయాయనుకోండి, ఆశ పెట్టుకుని చెట్టుతో పాటు కూర్చోకుండా పెన్సిల్ లావు కొమ్మలు రెండు మూడు కోసి నాటుకోండి. జువ్వి అయితే వానల్లో సులువుగా వేళ్ళూనుతుంది, జేడ్ కొమ్మను మాత్రం రెండు మూడు రోజులు నీడలో కోత ఆరబెట్టాకే గుచ్చాలి. చెట్టు పోతే ఆ మట్టిని ఇంకో కుండీలో కలపకండి. ట్రేను సబ్బుతో తోమి, బ్లీచింగ్ నీళ్ళలో అరగంట నానబెట్టి, బాగా కడిగి ఎండలో పెట్టండి, అప్పుడే కొత్త మొక్కకు వాడొచ్చు.